పదహారు గంటలు కడుపు మాడ్చుకుంటే క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీ పాడైనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. మాది ఉద్దానం, కవిటి మండలం. విశాఖలో బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఆరేళ్ళుగా షుగర్, మూడేళ్ళుగా బీపీ ఉన్నాయి. నాలుగు నెలల నుంచి ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేస్తున్నా. రాత్రి తొమ్మిదికి తినడం ఆపితే మళ్ళీ మధ్యాహ్నం ఒంటిగంటకే. ఆలోపు నీళ్ళు కూడా ముట్టను, అలాగైతేనే ఒళ్ళు లోపల శుభ్రపడుతుందని ఒక వీడియోలో చూశాను. 91 కిలోల నుంచి 83కి తగ్గాను. కానీ మొన్న క్రియాటినిన్ 1.3 వచ్చింది, పోయినేడాది 1.0 ఉండేది. మా అన్నయ్యకు డయాలసిస్ జరుగుతోంది, అందుకే టెన్షన్‌గా ఉంది. పొద్దున్నే షుగర్‌కు గ్లిమిపెరైడ్-మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టాన్-హైడ్రోక్లోరోథయజైడ్ వేసుకుంటాను. మోకాళ్ళ నొప్పికి ఎసిక్లోఫెనాక్ వారంలో మూడు నాలుగు సార్లు. పదకొండింటికి చెమటలు పట్టి చేతులు వణుకుతాయి, అది డిటాక్స్ అంటున్నారు. ఫాస్టింగ్ వల్లే కిడ్నీ దెబ్బతిందా?

జవాబు: ముందు ఆ వణుకు సంగతి చూద్దాం, కిడ్నీ కన్నా అదే తొందర. అది డిటాక్స్ కాదండీ, షుగర్ పడిపోవడం. గ్లిమిపెరైడ్ పాంక్రియాస్‌ను గిల్లి మరీ ఇన్సులిన్ విడిపిస్తుంది, మీరు టిఫిన్ తిన్నారా లేదా అన్నది ఆ మాత్రకు తెలియదు. పొద్దున్నే మాత్ర మింగి ఒంటిగంట వరకు ఏమీ తినకుండా సైట్‌లో మూడో అంతస్తు పరంజా మీద నిలబడ్డారంటే నాకు మీ కిడ్నీ కంటే మీ తల గురించి భయమేస్తోంది. రేపు వణుకు మొదలవగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని అక్కడికక్కడే తాగేయండి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోండి. మీటర్ దగ్గర లేకపోయినా ముందు పంచదార తాగాల్సిందే. ఈ మాత్ర డోసు, టైము మార్చాలి కాబట్టి రాసిచ్చిన డాక్టర్‌కు ఇవాళే ఫోన్ చేయండి. ఆయనకు మీరు ఉపవాసాలుంటున్న సంగతి చెప్పి ఉండరు. మా ఓపీకి వచ్చేవాళ్ళూ అంతే, చాలామంది చెప్పరు, అడిగితే "అది డైటే కదా సార్, మందు కాదుగా" అంటారు.

ఇక క్రియాటినిన్. కండరాల్లో తయారయ్యే ఈ వ్యర్థాన్ని కిడ్నీలు రక్తంలోంచి వడపోసి పంపేస్తాయి, వడపోత తగ్గితే రక్తంలో దీని అంకె పెరుగుతుంది. 1.3 చాలా ల్యాబుల రిపోర్టుల్లో నార్మల్ గీత మీదే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ మీ వయసు మగవాళ్ళకు 1.0 ఉంటే కిడ్నీ వడపోత, అంటే ఈజీఎఫ్‌ఆర్, 93 చుట్టూ ఉన్నట్టు, 1.3 ఉంటే 68 చుట్టూ. కాబట్టి మీరు ఊరికే కంగారు పడుతున్నారని నేను అనను. అయితే ఒక్క రిపోర్టు చూసి కిడ్నీ పోయిందని కూడా అనకూడదు. ఆ రక్తం ఇచ్చింది ఎప్పుడు? పొద్దున ఎనిమిదింటికో తొమ్మిదింటికో అయితే అప్పటికి మీ ఒంట్లో చుక్క నీరు పడి పదకొండు పన్నెండు గంటలు. ముందు రోజు రాత్రి చికెన్ గట్టిగా లాగించి ఉంటే, వండిన మాంసం వల్ల కూడా ఆ అంకె కొంత పెరుగుతుంది.

నా అనుమానం ఉపవాసం మీద కాదు, నీళ్ళు మానడం మీద, దానికి తోడు మీరు మింగుతున్న మాత్రల మీద. మన రెండు కిడ్నీలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయి, మిగతాదంతా వెనక్కి లాక్కుంటాయి. ఈ పని నడవాలంటే అక్కడికి రక్తం తగినంత ఒత్తిడితో చేరాలి. మీరేమో విశాఖ ఉక్కపోతలో చొక్కా పిండితే నీళ్ళు కారేలా చెమటోడుస్తూ నీళ్ళు మానేశారు. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరతో పాటు నీటినీ మూత్రంలోకి లాగేస్తుంది, బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉప్పునీ నీటినీ బయటికి పంపేదే. కిడ్నీలో ఒక్కో జల్లెడకు ముందొక సన్న రక్తనాళం, వెనకొకటి ఉంటాయి. టెల్మిసార్టాన్ వెనక నాళాన్ని వదులు చేస్తుంది. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే, దాని కోసమే ఇస్తాం. కానీ ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు ఎసిక్లోఫెనాక్ వేసుకుంటే అది ముందు నాళాన్ని బిగించేస్తుంది. ముందు బిగిసి వెనక వదులైతే జల్లెడ మీద ఒత్తిడి ఎక్కడిది? క్రియాటినిన్ పెరగక ఏమవుతుంది.

ఉపవాసం దానంతట అది కిడ్నీని తినేస్తుందనడానికి ఆధారాల్లేవు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రంజాన్ నెలంతా ఉపవాసమున్నా కిడ్నీలకు నిలిచిపోయే నష్టం కనబడలేదు, వాళ్ళు సహరీలో, ఇఫ్తార్ తర్వాత నీళ్ళు బాగా తాగుతారు కూడా. మీరు తగ్గిన 8 కిలోలు మీ కిడ్నీకి మంచి వార్తే. ఒళ్ళు భారీగా ఉన్నప్పుడు ఒక్కో జల్లెడా అదనంగా పనిచేసి అరిగిపోతుంది, బరువు, బీపీ, షుగర్ తగ్గితే ఆ భారం తగ్గుతుంది. అయితే ఆ మేలు బరువు తగ్గినందువల్ల, గడియారం చూసి తిన్నందువల్ల కాదు. ఆటోఫజీకి, అంటే కణం తనలోని పాత చెత్తను తానే అరిగించుకోవడానికి, నోబెల్ వచ్చింది కదా అంటారు వీడియోల్లో. 2016లో వచ్చింది, నిజమే, జపాన్ శాస్త్రవేత్త ఓషుమీ గారు ఈస్ట్ కణాల మీద చేసిన పనికి. నీళ్ళు మానేయమని ఆయన ఎక్కడా చెప్పలేదు!

మీ ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, ఎండలో చెమటోడ్చి ఒళ్ళు ఎండిపోవడం అనుమానితుల్లో ఒకటి. ఈ జబ్బు చాలాసార్లు మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీని లోపల్నుంచి దెబ్బతీస్తుంది. అందుకని మూత్రం టెస్టు బాగుంది కదా అని ధీమాగా ఉండకండి, మీ ఇంట్లో అన్నయ్యకే ఉంది కాబట్టి మీకు క్రియాటినిన్ అంకె మీద కన్నుండాల్సిందే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రెండు వారాలు ఫాస్టింగ్ ఆపండి, ఎసిక్లోఫెనాక్ పూర్తిగా మానేయండి, మోకాళ్ళ నొప్పికి పారాసిటమాల్, కాపడంతో సర్దుకోండి. షుగర్, బీపీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. సైట్‌కు రెండు లీటర్ల బాటిల్ పట్టుకెళ్ళి సాయంత్రానికి ఖాళీ చేయండి, ఇంట్లో తాగేది వేరే. మూత్రం పలచటి గడ్డి రంగులో రావాలి, టీ డికాక్షన్‌లా వస్తే తాగింది చాలలేదన్నమాట. తర్వాత అదే ల్యాబులో, ముందు రోజు మాంసం మానేసి, మామూలుగా నీళ్ళు తాగి క్రియాటినిన్, పొటాషియం, యూరిక్ యాసిడ్, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి, కడుపు స్కానింగ్ కూడా ఒకసారి. 1.0, 1.1కి దిగిందంటే అది నీటి కరువే. దిగకపోతే కిడ్నీ డాక్టర్ని కలవండి. మూడు నెలలు దాటినా ఈజీఎఫ్‌ఆర్ 60 లోపే ఉంటేనో, మూత్రంలో ఆల్బుమిన్ నిష్పత్తి 30 దాటి ఉంటేనో దీర్ఘకాలిక జబ్బు కింద లెక్క. ఊరెళ్ళినప్పుడు పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రిలోనైనా చూపించుకోవచ్చు.

ఈలోగా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్‌లో షుగర్ 180 చూపించినా సరే, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళి "డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నా, కీటోన్స్ చూడండి" అని చెప్పండి. ఈ మాత్ర మీద ఎక్కువసేపు పస్తుంటే షుగర్ పెద్దగా పెరగకుండానే, కొవ్వు కరిగితే వచ్చే కీటోన్స్ పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది.

రిపోర్టులు బాగుంటే మళ్ళీ ఉపవాసం చేయొచ్చా అంటారు. నేనైతే రాత్రి ఏడున్నరకు భోజనం, పొద్దున ఏడున్నరకు టిఫిన్ అంటాను. పన్నెండు గంటలు చాలు, మధ్యలో నీళ్ళకు అడ్డు లేదు, అదీ మీ డాక్టర్ మాత్రలు సర్దాకే. తినే టైములో గుడ్లు, చికెన్, ప్రొటీన్ పౌడర్ అని ఒకేసారి దట్టించొద్దు, మీ బరువుకు రోజుకు 66 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. కొబ్బరిబోండాం గురించి ఉద్దానం మనిషికి చెప్పడం నాకే ఇబ్బందిగా ఉంది గానీ, అందులో పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టాన్ కూడా పొటాషియం పెంచేదే, కాబట్టి రిపోర్టు వచ్చేదాకా మంచినీళ్ళే తాగండి.

మీ అన్నయ్య పిల్లలు పెద్దవాళ్ళయి ఉంటే మీతో పాటు వాళ్ళకూ ఒకసారి క్రియాటినిన్ చేయించండి.