‘మా దగ్గర బాగానే ఉంది’ అంటున్నారు!

ప్రశ్న: మేం డిజిటల్ మీడియా డిప్లొమా చేస్తున్నాం. చాలా దూరంలో ఉన్న ఇంకో ఒకేషనల్ కాలేజీ వాళ్లతో కలిసి ఆన్‌లైన్‌లోనే ఒక షార్ట్ ఫిల్మ్ చేయాలి. షూటింగ్ వాళ్లది, ఎడిటింగ్ మాది. వాళ్లు ఫోన్లతో తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు. బొమ్మ మసకగా ఉంటోంది, పెదాలకీ మాటకీ కుదరడం లేదు. అడిగితే ‘మా దగ్గర బాగానే ఉంది’ అంటారు. గ్రూపులో రోజూ గొడవే. సార్‌కి చెప్పేయమంటారా?
– ఒక విద్యార్థిని

జవాబు: అప్పుడే సార్ దాకా ఎందుకమ్మా! వాళ్లు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. వాట్సాప్‌లో వీడియోని మామూలుగా పంపితే సైజు తగ్గించేసి పంపుతుంది, బొమ్మ అక్కడే పాడవుతుంది. అదే ఫైలుని డాక్యుమెంట్‌గా పంపమనండి, 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

మాట సంగతి వేరు. చాలా ఫోన్లు వెలుతురుని బట్టి, ప్రాసెసర్ మీద పడే లోడుని బట్టి సెకనుకి తీసే ఫ్రేముల సంఖ్యని మార్చేసుకుంటూ ఉంటాయి. ఫోన్లో చూస్తే ఏమీ తెలీదు, కానీ ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పెట్టాక క్లిప్ మొదట్లో సరిగ్గానే ఉండి, చివరికొచ్చేసరికి మాట వెనకబడో ముందుకెళ్లో కనిపిస్తుంది. మీకూ ఇలాగే జరుగుతుంటే, తీసేసిన క్లిప్పుల్ని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో (ఉచితమే) ‘కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్’ (ఫ్రేముల సంఖ్య మారకుండా) పెట్టి మార్చుకోండి. ఇకపై తీసేవాటికి సెకనుకి 25 ఫ్రేములైనా 30 అయినా అందరూ ఒకటే పెట్టుకోవాలి, సౌండ్ విడిగా రికార్డు చేస్తే శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ పెట్టాలి. షూటింగ్‌కి ముందు పది సెకన్ల క్లిప్ ఒకటి తెప్పించుకుని మీ సిస్టమ్‌లో వేసి చూస్తే సగం గొడవలు అసలు పుట్టవు.

రేపు వాళ్లు మంచి కెమెరాతో 4కె తీశారనుకోండి. 100 ఎంబీపీఎస్‌లో గంట ఫుటేజీ అంటే 45 జీబీ. వాళ్ల అప్‌లోడ్ స్పీడు 10 ఎంబీపీఎస్ అయితే పది గంటలు పడుతుంది, మధ్యలో నెట్ పోతే మళ్లీ మొదటికే రావొచ్చు! అందుకే ప్రాక్సీలు, అంటే అవే క్లిప్పుల చిన్న సైజు కాపీలు, పంపమనండి. వాటితో ఎడిట్ చేసి, సినిమాలో వాడిన క్లిప్పుల ఒరిజినల్స్ మాత్రం చివర్లో తెప్పించుకోండి. ఫైళ్ల పేర్లు మాత్రం ఎవరూ మార్చకూడదు, మారిస్తే సాఫ్ట్‌వేర్ ఏ ఒరిజినల్ ఏదో పోల్చుకోలేదు. ప్రాజెక్ట్ ఫైలు కూడా అటూ ఇటూ తిరిగేట్టయితే రెండు చోట్లా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకే వెర్షన్ ఉండాలి, కొత్తదాంట్లో సేవ్ చేసింది పాతదాంట్లో సాధారణంగా తెరుచుకోదు.

ఇక గ్రూపులో ‘మధ్యలో బోర్ కొడుతోంది’ అని రాస్తే ఎడిటర్ ఏం చేయాలి పాపం? ‘2:14 దగ్గర ఆమె తల తిప్పాక రెండు సెకన్లు ఎక్కువైంది’ అని రాస్తే వెంటనే కోసేయొచ్చు. ఫైనల్ కట్ మీద ఆఖరి మాట ఎవరిదో ఒక్కరి పేరు ఇప్పుడే అనుకోండి. టైటిల్స్‌లో ఏ కాలేజీ పేరు ముందు రావాలో కూడా ఇప్పుడే తేల్చేసుకోండి, అది చివరిదాకా ఆగితే సార్ దగ్గరికి వెళ్లక తప్పదు.