క్యూబ్ ఎక్కడి నుంచి పడిందో ముందు చూడు

నెల్లూరు

అమ్మాయీ,

ఆటలు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌లో నువ్వు చేసి పంపిన వీడియో మూడుసార్లు చూశాను. చీమకుర్తి క్వారీ, క్రేను, కింద లేచే దుమ్ము, అన్నీ బాగా కుదిరాయి. ఇక నీ ఫిర్యాదు సంగతి. అయిదు మీటర్ల ఎత్తు నుంచి బండ వదిలితే 1.01 సెకన్లు పట్టాలి, నీకేమో 0.96 వస్తోంది, కాబట్టి అన్‌రియల్ ఇంజిన్‌లో గ్రావిటీయే తప్పు అంటున్నావు.

గ్రావిటీ జోలికి పోవద్దు. అందులో ముందే పెట్టి ఉన్నది 980, అదీ సెంటీమీటర్లలో. నువ్వు ఇంటర్లో చదివిన 9.8 మీటర్లే అది. నీ బండ ఇంజిన్‌తో వచ్చే మామూలు క్యూబే కదా, సైజు కూడా మార్చలేదు. దాని ఎత్తు 100 సెంటీమీటర్లు, లొకేషన్ అని చూపించేది దాని నడిమధ్య బిందువుని. జెడ్ (అంటే ఎత్తు) దగ్గర 500 పెడితే క్యూబ్ అడుగు నేలకి 450 ఎత్తులోనే ఉంటుంది. 450కి లెక్క వేసి చూడు, 0.96 వస్తుంది. జెడ్ 550 పెట్టు, గొడవ వదిలిపోతుంది.

ల్యాబులో పిల్లలు లోలకం పొడవు దారం చివరి వరకే కొలిచి, గుండు సగాన్ని మర్చిపోయేవాళ్లు. తర్వాత స్టాప్‌వాచ్ పాడైందనేవాళ్లు. ముప్పై ఏళ్లు అదే విన్నాను. అయినా జవాబు ముందే తెలిసిన దాన్ని కొలిచావు చూడు, అది మంచి పని. క్వారీలో లోడు ఎక్కించే ముందు ఖాళీ లారీని కాటా మీదికి ఎందుకు పంపుతారో మీ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.

ఇప్పుడు నీ బ్లూప్రింట్, అంటే నోడ్లు అనే డబ్బాలని గీతలతో కలిపి రాసిన ప్రోగ్రాం. బిగిన్ ప్లే నుంచే, అంటే ఆట మొదలైన క్షణం నుంచే, టైము లెక్కపెడుతున్నావు. ఆట మొదలయ్యేటప్పుడు మొదటి ఫ్రేములు, అంటే తెర మీద వరసగా వచ్చే బొమ్మలు, ఒక్కోసారి తడబడతాయి. బండని ఫిజిక్స్ లేకుండా గాల్లోనే ఉంచు. ఒక కీ నొక్కగానే సెట్ సిమ్యులేట్ ఫిజిక్స్ ఆన్ చేసి, ఆ క్షణంలో గెట్ గేమ్ టైమ్ ఇన్ సెకండ్స్ విలువని వేరియబుల్లో దాచుకో. నేలకి తగిలినప్పుడు ఈవెంట్ హిట్ అన్న కబురు రావాలంటే సిమ్యులేషన్ జనరేట్స్ హిట్ ఈవెంట్స్ అన్న టిక్కు పెట్టాలి. ఆ ఈవెంట్ ఒక్కసారి వచ్చి ఊరుకోదు, బండ ఎగిరి పడినప్పుడల్లా వస్తుంది. అందుకే దాని వెనకే ఒక్కసారే దారి వదిలే డూ వన్స్ నోడ్ పెట్టు.

వేగం దగ్గర ఇంకో చిక్కు ఉంది. హిట్ వచ్చాక వేగం అడిగితే, ఢీకొన్న తర్వాత మిగిలిన వేగం చెబుతుంది. గుద్దినప్పటి వేగం కావాలంటే ప్రతి టిక్‌లోనూ, అంటే ప్రతి ఫ్రేములోనూ, వేగాన్ని ఒక వేరియబుల్లో దాచుకుంటూ, హిట్‌లో ఆ పాత విలువని చదువు. 500 సెంటీమీటర్లు పడితే సుమారు సెకనుకు 990 సెంటీమీటర్లు ఉండాలి. వేగాన్ని మెల్లగా తగ్గించే లీనియర్ డాంపింగ్ ముందే 0.01 ఉంటుంది, దాని వల్ల కాస్త తగ్గుతుంది. ఒక ఫ్రేము తేడా కూడా ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేము దాదాపు 0.017 సెకను, కాబట్టి మూడో దశాంశం కోసం తల బద్దలు కొట్టుకోకు. అనుమానముంటే కన్సోల్లో టి డాట్ మాక్స్ ఎఫ్‌పీఎస్ అని కొట్టి ఫ్రేములని సెకనుకు 30కి దించి మళ్లీ వదిలి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

తెర మీద విలువ రాసి చూపించే ప్రింట్ స్ట్రింగ్‌ని టిక్‌కి తగిలించావు. ఒక్కో లైను రెండు సెకన్లు నిలుస్తుంది, సెకనుకు 60 వచ్చి పడుతుంటే తెరంతా చీమల బారే. హిట్‌లో ఒక్కసారి ప్రింట్ చేస్తే చాలు.

ఒకటి మాత్రం నా పొరపాటు నుంచి చెబుతాను. క్యూబ్‌ని రూట్ (వస్తువులో అన్నిటికీ పైన ఉండే మూల భాగం) కింద పిల్ల కాంపోనెంట్‌గా ఉంచి ఫిజిక్స్ ఆన్ చేశాను. బండ కళ్లెదుటే పడుతోంది, గెట్ యాక్టర్ లొకేషన్ మాత్రం కదలనంటోంది. రెండు రాత్రులు పోయాయి. ఫిజిక్స్ మొదలవగానే క్యూబ్ రూట్ నుంచి విడిపోతుంది, రూట్ గాల్లోనే ఉండిపోతుంది, గెట్ యాక్టర్ లొకేషన్ చెప్పేది ఆ రూట్ చోటునే. క్యూబ్‌ని లాగి రూట్ మీద వేసి, దాన్నే రూట్ చెయ్యి.

బరువు పెంచితే త్వరగా పడుతుందా అని బావ అడిగాడన్నావు. పడదు. మాస్ మార్చి ఆయన ముందే వదిలి చూపించు.

పది రీడింగులు తీసి పంపు, గుండ్రం చెయ్యకుండా.

మామయ్య