స్కూలు నుంచి జూలైలో వచ్చే ఉత్తరం: టికెట్లు కొనేముందు చదవండి

జూన్ ఆఖర్లోనో జూలై మొదట్లోనో ఇంగ్లండ్‌లో మీ పిల్లల ప్రైమరీ స్కూల్ నుంచి ఓ పొడవాటి ఈమెయిల్ వస్తుంది. పైన హెడ్ టీచర్ పలకరింపు, స్పోర్ట్స్ డే ఫొటోలు. కింద వరసగా చిన్న చిన్న నోటీసులు. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఫొటోల్లో మన పిల్ల ఉందో లేదో చూసుకుని మూసేస్తారు. మీతో పనున్న సంగతులన్నీ ఆ కిందే ఉంటాయి.

నాది ఆమదాలవలస. పిల్లలిద్దరూ ఇంగ్లండ్‌లోనే ప్రైమరీ చదువు పూర్తి చేశారు. ఈసారి సెలవులకి ఊరొచ్చినప్పుడు శ్రీకాకుళంలో మా వదినగారి ఇంట్లో కూర్చుంటే, చీపురుపల్లి నుంచి ఒకరు, టెక్కలి నుంచి ఒకరు ఫోన్లు. ఒకరిది నర్సు ఉద్యోగం, ఇంకొకరి భర్తకి సాఫ్ట్‌వేర్. ఇద్దరికీ ప్రైమరీ వయసు పిల్లలున్నారు. "అక్కా, వీసా సంగతులు అందరూ చెబుతున్నారు, స్కూలు సంగతి ఎవరూ చెప్పట్లేదు" అన్నారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది ఇంగ్లండ్ వరకే. స్కాట్లాండ్‌లో స్కూళ్లు జూన్ ఆఖరికే మూసి ఆగస్టు మధ్యలో తెరుస్తారు, అక్కడి పద్ధతులు వేరు.

ముందు తేదీలు. మన దగ్గర ఏప్రిల్ ఆఖరికి బళ్లు మూస్తే జూన్ రెండో వారం దాకా సెలవులే. ఇంగ్లండ్‌లో చదువుల ఏడాది సెప్టెంబరులో మొదలై జూలై మూడో వారం, నాలుగో వారం దాకా సాగుతుంది. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ రెండేసి వారాలు, ప్రతి టర్మ్ (చదువుల ఏడాదిలో ఒక భాగం) మధ్యలో హాఫ్ టర్మ్ అని ఒక వారం, ఎండాకాలం సెలవులు సుమారు ఆరు వారాలు. అంతే. అమ్మమ్మ "మామిడిపళ్లకి రండే" అంటుంది గానీ, మే నెలలో దొరికేది ఆఖరి వారం ఒక్కటే. సంక్రాంతి నాటికి క్రిస్మస్ సెలవులైపోయి స్కూల్ తెరిచేస్తారు. విజయనగరంవాళ్లకి అన్నిటికన్నా కష్టమనిపించేది సిరిమాను. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ పండగ, హాఫ్ టర్మ్ ఏమో అక్టోబరు ఆఖర్లో. చాలా ఏళ్లు ఈ రెండూ కలవవు.

కాబట్టి మీ ఇంట్లో పెళ్లి చేసే ఆలోచన ఉంటే పెద్దవాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి: శ్రావణంలో ముహూర్తం చూడమని. శ్రావణమాసం చాలావరకు మన పిల్లల సెలవుల్లోనే పడుతుంది. మాఘమాసం ముహూర్తమైతే పిల్లలు రావడం కష్టమని ముందే చెబితే పెద్దలు అర్థం చేసుకుంటారు. లగ్నపత్రిక రాసుకున్నాక చెబితే మనసులు నొచ్చుకుంటాయి.

ఉత్తరంలో ఒక చిన్న లైను ఉంటుంది, దాన్ని వదిలెయ్యకండి. సెప్టెంబరులో టర్మ్ మొదలయ్యే తేదీ పక్కనే "ఇన్‌సెట్ డే" అని రాసి ఉంటుంది. ఆ రోజు టీచర్లకి శిక్షణ, పిల్లలకి సెలవు. ఏడాదికి అలాంటివి ఐదు ఉంటాయి. టీచర్లకి 195 పనిరోజులైతే పిల్లలకి 190 అంటారే, ఆ తేడా ఇదే. చాలా స్కూళ్లు వీటిలో ఒకటో రెండో సెప్టెంబరు మొదట్లో పెడతాయి. అంటే టర్మ్ మంగళవారం మొదలవుతుందని రాసి ఉన్నా పిల్లలు వెళ్లాల్సింది గురువారం కావచ్చు. విశాఖ నుంచి తిరుగు ప్రయాణానికి ఆ రెండ్రోజులు ఎంత విలువైనవో టికెట్లు కొన్నవాళ్లకే తెలుస్తుంది. పక్క స్కూలు తేదీలు మీ స్కూలుకి వర్తించవు, మీ ఉత్తరంలో ఉన్నవే చూసుకోండి.

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న: "జూలై ఆఖర్లో టికెట్లు మండిపోతున్నాయి, ఒక వారం ముందే బయల్దేరితే ఏమవుతుంది?"

ఫైన్ పడుతుంది. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ అంతటికీ ఒకే నియమం పెట్టారు. ఉదయం పూట ఒక సెషన్, మధ్యాహ్నం పూట ఒక సెషన్‌గా లెక్క. అనుమతి లేకుండా మానేసినవి 10 స్కూలు వారాల వ్యవధిలో 10 సెషన్లు అయితే, అంటే ఐదు రోజులు అయితే, స్కూలు ఫైన్ విషయం పరిశీలించాలి. మొదటిసారి 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, దాటితే 28 రోజుల లోపు 160. ఇది ఒక్కో పిల్లకి, ఒక్కో పేరెంట్‌కి విడివిడిగా. ఇద్దరు పిల్లలున్న భార్యాభర్తలకి నాలుగు నోటీసులు వస్తాయి, తక్కువలో తక్కువ 320 పౌండ్లు. మూడేళ్ల లోపు అదే పిల్ల విషయంలో రెండోసారి అయితే తగ్గింపు లేదు, నేరుగా 160. మూడోసారి ఫైన్ నోటీసుతో సరిపోదు, కోర్టుదాకా వెళ్లొచ్చు.

"టికెట్లో మిగిలేదాంతో ఫైన్ కట్టేద్దాం" అని లెక్కేసేవాళ్లని చూశాను. వీసా మీద ఉన్నవాళ్లు కోర్టు నోటీసు దాకా తెచ్చుకోవద్దని గట్టిగా చెబుతాను. డబ్బు సంగతి అటుంచినా, ఆ ఆఖరి వారం ఖాళీ వారం కాదు. పరీక్షలైపోయాక మన బళ్లలో సగంమంది రారు, ఎవరూ పట్టించుకోరు. అక్కడ అదే వారంలో పిల్లలు వచ్చే ఏడాది తరగతి గదికి వెళ్లి కొత్త టీచర్‌తో ఓ పూట గడుపుతారు. ఎవరి పక్కన కూర్చోవాలో, బ్యాగు ఏ కొక్కేనికి తగిలించాలో, బాత్రూం ఎటుందో అప్పుడే తెలుస్తుంది. ఏడాది క్రితమే దేశం మారి, భాష మారి, ఇప్పుడిప్పుడే కుదురుకున్న పిల్లకి ఆ పూట చాలా అవసరం. అది లేకుండా సెప్టెంబరులో మళ్లీ కొత్త గదిలో అడుగుపెడితే కడుపునొప్పి అనీ తలనొప్పి అనీ పొద్దున్నే ఏడుపు మొదలవుతుంది.

నిజంగా తప్పని పరిస్థితి, అంటే ఇంట్లో పెద్దవాళ్లకి ప్రాణం మీదకి రావడంలాంటిది అయితే, బయల్దేరేముందు హెడ్ టీచర్‌కి రాతపూర్వకంగా అడగండి. నిర్ణయం వారిదే. తిరిగొచ్చాక చెబితే ప్రయోజనం లేదు. అనుమతి ఇచ్చినా తిరిగి వచ్చే తేదీ రాసిస్తారు, దానికి కట్టుబడండి. అది దాటి 10 స్కూలు రోజులైనా పిల్ల రాకపోతే, విచారించాక కొన్ని షరతుల మీద రిజిస్టరు నుంచి పేరు తీసేసే అధికారం స్కూలుకి ఉంది. సీటు పోతే అదే స్కూల్లో మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

తర్వాత రిపోర్టు. ఉత్తరంతోపాటో ఆ వారంలోనో వస్తుంది. మనవాళ్లు తెరవగానే మార్కులూ ర్యాంకూ వెతుకుతారు. అవి ఉండవు. ఒక్కో సబ్జెక్టు పక్కన ఇంకా అందుకోవాలా, ఆ వయసుకి తగ్గట్టు ఉందా, అంతకుమించి ఉందా అని మాత్రం ఉంటుంది. మధ్య మాట చూసి "మా వాడు యావరేజా?" అని దిగులు పడకండి. ఆ వయసు పిల్లలకి రావాల్సినది వచ్చేసిందని దాని అర్థం. వచ్చిన ఏడాదిలోనే ఇంగ్లిష్‌లో ఆ మాట తెచ్చుకున్న పిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలి.

ఇయర్ 1 పిల్లలకి జూన్‌లో ఫోనిక్స్ పరీక్ష ఉంటుంది. టీచర్ పక్కన కూర్చోబెట్టుకుని 40 మాటలు చదివిస్తారు. వాటిలో సగం అర్థంలేని, కల్పించిన మాటలు. బట్టీ పట్టి కాకుండా అక్షరాల ధ్వని తెలిసి చదువుతోందా అని చూడటానికి అలా పెడతారు. దాటకపోతే ఇయర్ 2లో మళ్లీ ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. ఇయర్ 4లో ఎక్కాల పరీక్ష: 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు, 12వ ఎక్కం దాకా. మన తాతయ్యలు చెప్పించినట్టు ఎక్కాలు నోటికి వస్తే సగం పని అయినట్టే. మిగతా సగం స్క్రీన్ మీద అంకెలు చకచకా నొక్కడం, అది ఇంట్లో అలవాటు చెయ్యండి. ఇయర్ 6లో మే నెలలో శాట్స్ అనే జాతీయ పరీక్షలు ఉంటాయి, వాటి స్కోరు జూలైలో ఇస్తారు. 100 వస్తే ఆశించిన స్థాయి అందుకున్నట్టు. అది నూటికి నూరు కాదు, ఎందుకంటే స్కోరు 120 దాకా ఉంటుంది. ఊళ్లో తాతగారికి చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి.

నేనైతే రిపోర్టులో ముందు చదివేది టీచర్ రాసిన నాలుగు వాక్యాలే. అక్కడి టీచర్లు మెత్తగా రాస్తారు. "క్లాసులో తన ఆలోచనలు పంచుకోవడానికి ఇంకాస్త ప్రోత్సాహం కావాలి" అని ఉంటే, పిల్ల నోరు విప్పట్లేదని అర్థం చేసుకోండి. అప్పుడు రిపోర్టు కింద ఉన్న స్లిప్పులో టీచర్‌తో మాట్లాడాలని రాసి పంపండి. తప్పుగా అనుకోరు, సంతోషిస్తారు. ఇంకో మాట. ఇంగ్లిష్ వెనకబడిందని ఇంట్లో తెలుగు మానెయ్యకండి. ఇంటి భాష బాగా వచ్చిన పిల్లలకి రెండో భాష తేలికవుతుందని అక్కడి టీచర్లే చెబుతారు.

చిన్న నోటీసుల్లో కొన్ని మాత్రం చెబుతాను. లాస్ట్ ప్రాపర్టీ అని ఓ పెట్టె ఉంటుంది, పోయిన స్వెటర్లూ నీళ్ల సీసాలూ అందులో పడేస్తారు. ఆఖరి రోజు తర్వాత మిగిలినవి చాలా స్కూళ్లు ఎవరికైనా ఇచ్చేస్తాయి. వెళ్లి వెతుక్కోండి, వచ్చే ఏడాదికి ప్రతి బట్ట మీదా పేరు రాయండి. పాత యూనిఫాం అమ్మకం గురించి కూడా అందులోనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ యూనిఫాం ఎక్కడ దొరుకుతుందో స్కూలు తల్లిదండ్రులకి తెలియజెయ్యాలి, 2021 చట్టం తర్వాత వచ్చిన నియమం అది. నామోషీ పడకండి, అక్కడ డాక్టర్ల పిల్లలు కూడా అవే వేసుకుంటారు. బూడిదరంగు ప్యాంట్లు, తెల్ల చొక్కాలు సూపర్ మార్కెట్లో చవగ్గా దొరుకుతాయి గనక శ్రీకాకుళంలో టైలర్ దగ్గర అరడజను కుట్టించుకుని సూట్‌కేసు నింపక్కర్లేదు.

మధ్యాహ్న భోజనం రిసెప్షన్ (ఇయర్ 1కి ముందు తరగతి), ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ ఉచితం. ఇయర్ 3కి వెళ్తుంటే లండన్ బయట చాలాచోట్ల డబ్బు కట్టాలి. వీసాలో ప్రభుత్వ సాయం తీసుకోకూడదని రాసి ఉన్నా, ఆదాయం బాగా తక్కువైతే ఈ భోజనానికి అర్హత ఉండొచ్చు. ఆఫీసులో మొహమాటపడకుండా అడగండి. అర్హత ఉన్న పిల్లలకి సెలవుల్లో భోజనంతో ఉచిత క్లబ్బులు కూడా ఉంటాయి, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి అదెంత ఆసరానో చెప్పలేను.

టీచర్‌కి కానుక తప్పనిసరి కాదు. ఇవ్వాలనిపిస్తే పిల్ల సొంతంగా రాసిన కార్డు, దాంతో పొందూరు ఖద్దరు చేతిరుమాలు చాలు. పలాస జీడిపప్పు మాత్రం పంపకండి. జీడిపప్పు పాకం అచ్చులు క్లాసంతా పంచాలని మనకి ఉబలాటంగానే ఉంటుంది. కానీ నట్స్ పడని పిల్లలు క్లాసులో ఒక్కరున్నా అది ప్రాణానికి ముప్పు. చాలా స్కూళ్లు గేటు లోపలికే రానివ్వవు. సమ్మర్ ఫెయిర్‌కి, అంటే స్కూల్లో పెట్టే ఎండాకాలం సంతకి, ఏదైనా వండి ఇస్తే ఏమేం వేశారో చీటీ రాసి పెట్టండి.

మన ఊరి అమ్మమ్మలు, నానమ్మలు సాయానికి వచ్చేది కూడా ఈ నెలల్లోనే. ఆఖరి రోజు చాలా స్కూళ్లు మధ్యాహ్నమే వదిలేస్తాయి, ఆ టైము ఉత్తరంలో ఉంటుంది. మీరిద్దరూ డ్యూటీలో ఉండి అమ్మమ్మ వెళ్లాలంటే ఆమె పేరు ముందే ఆఫీసులో ఇవ్వాలి. కొన్ని స్కూళ్లు సంకేతపదం కూడా అడుగుతాయి. పిల్ల "అమ్మమ్మా" అని పరుగెత్తుకొచ్చి పట్టుకున్నా, పేరు లేకపోతే టీచర్ చెయ్యి వదలదు. పెద్దావిడ గేటు దగ్గర చిన్నబుచ్చుకుని నిలబడే పరిస్థితి రానివ్వకండి. ఈమెయిళ్లు నాన్నకి ఒక్కడికే వచ్చేలా పెట్టుకోవద్దు, ఇద్దరి పేర్లూ ఇవ్వండి.

ఆగస్టులో కొత్తగా దిగేవాళ్లకి ఇంకో సంగతి. అప్పటికి స్కూలు ఆఫీసులు మూసేసి ఉంటాయి, ఫోన్ ఎత్తేవాళ్లుండరు. సీటు కోసం దరఖాస్తు ఎలా, ఎవరికి పెట్టాలో మీరుండే చోటి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్లో ఉంటుంది. అద్దె ఇంటి అగ్రిమెంట్ చేతికి రాగానే ఆ పని మీద కూర్చోండి. తరగతి వయసును బట్టే: ఆగస్టు 31 నాటికి ఏడేళ్లు నిండితే ఇయర్ 3, మన దగ్గర ఏ క్లాసు చదివినా సరే. పుట్టిన తేదీ సర్టిఫికెట్, టీకాల కార్డు, పాత స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టు చేతిసంచిలో పెట్టుకోండి, చెకిన్ లగేజీలో వద్దు. పెద్ద పిల్ల ఇయర్ 6లో చేరుతుంటే సెకండరీ స్కూల్ దరఖాస్తుకి ఆఖరి తేదీ అక్టోబరు 31. దిగిన రెండు నెలల్లోనే అది వచ్చేస్తుంది, అందుకని సెప్టెంబరులో స్కూళ్లు పెట్టే ఓపెన్ ఈవినింగ్స్‌కి (స్కూలు చూసుకోవడానికి రమ్మనే సాయంత్రాలకి) పిల్లని వెంటపెట్టుకుని వెళ్లండి.