కెమెరా కబుర్లు: పటాకులు పేలే వేళ

దసరా అయిందో లేదో, ప్రశ్నలన్నీ పటాకుల మీదే వస్తున్నాయి. అందుకే ఈసారి మిగతావి పక్కన పెట్టాను. హనుమకొండలో స్టూడియో నడుపుతూ, పెళ్లిళ్లు, బారాత్‌లు తీసే నా చేతికి అలవాటైన పద్ధతులే ఇక్కడ చెబుతున్నా.

ప్రశ్న: ఉర్సు రంగలీలా మైదానంలో రావణవధ చూడ్డానికి డీఎస్ఎల్ఆర్ పట్టుకెళ్లాను. ఆటోలో తీస్తే ఆకాశం బూడిద రంగులో వచ్చింది, పేలిన పటాకులేమో తెల్లటి మరకలు. రాత్రి కదా అని ఐఎస్ఓ 3200 పెట్టి చూసినా అంతే. దీపావళికైనా సరిగ్గా తీయాలని ఉంది. (బ్యాంకు ఉద్యోగి, కాజీపేట)

జవాబు: రాత్రి అన్న ఆలోచనే మిమ్మల్ని పక్కదారి పట్టించింది. చీకటిగా ఉన్నది ఆకాశం. మీరు తీస్తున్నది మాత్రం నిప్పును. ఆటో మోడ్‌కు ఆ తేడా తెలీదు, ఫ్రేమంతా నల్లగా ఉందని చూసి వెలుగు పెంచేస్తుంది. ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె) 100కి దించి, అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్ 11 పెట్టండి. ట్రైపాడ్ తప్పనిసరి. దాని మీద ఉన్నంతసేపు లెన్సులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి.

షట్టర్, అంటే వెలుగును లోపలికి వదిలే తెర, ఎంతసేపు తెరవాలన్నదే చాలామందిని తికమక పెడుతుంది. నిప్పురవ్వ ఒకచోట ఆగదు, కదిలిపోతుంది. సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద ఒక్కో చోట అది క్షణకాలమే ఉంటుంది. కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిచినంత మాత్రాన ఆ గీత ప్రకాశం పెరగదు. గీత ఎంత వెలుగుతో పడాలన్నది అపర్చర్, ఐఎస్ఓ చూసుకుంటాయి. ఒకే ఫ్రేములో ఎన్ని పువ్వులు (పైన విచ్చుకున్న పటాకులు) పడాలి, వీధిదీపాల కాంతి ఆకాశంలో ఎంత కనబడాలి అన్నది షట్టర్ పని. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే అంకెలు బట్టీ పట్టక్కర్లేదు.

కెమెరాను బల్బ్ మోడ్‌లో (నొక్కి పట్టుకున్నంతసేపు షట్టర్ తెరిచే ఉంటుంది) పెట్టి, రిమోట్ వైరు తగిలించండి. రాకెట్ సుయ్‌మని లేవగానే నొక్కండి, పైన విచ్చుకుని రవ్వలు ఆరిపోయేదాకా పట్టుకుని వదిలేయండి. రెండు నుంచి ఆరు సెకన్లలో అయిపోతుంది. రెండు మూడు పువ్వులు ఒకే ఫొటోలో కావాలంటే షట్టర్ తెరిచే ఉంచి, ఒక పువ్వుకూ మరో పువ్వుకూ మధ్యలో లెన్సు ముందు నల్ల అట్టముక్క అడ్డం పెట్టండి.

ఫోకస్ ముందే చేసుకోవాలి. లెన్సు రింగును చివరిదాకా తిప్పేస్తే అనంత దూరానికి ఫోకస్ అయినట్టేనని చాలామంది అనుకుంటారు. ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి రింగు ఆ చోటు దాటి కూడా ఇంకాస్త తిరుగుతుంది. దూరంగా వెలిగే లైటు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి, ఆ తర్వాత రింగు ముట్టుకోవద్దు. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తీసిన ఫొటోలో చుక్కలు తుడిచే సదుపాయం) ఉంటే అదీ ఆపండి. నాలుగు సెకన్ల ఫొటో తీశాక కెమెరా మరో నాలుగు సెకన్లు దాని పనిలో ఉండిపోతుంది, అసలైన పేలుడు అప్పుడే జరుగుతుంది!

గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి, పొగ అవతలికి పోతుంది. మొదటి రౌండ్లు వదులుకోవద్దు, పొగ పేరుకున్నాక ఎంత మంచి పటాకైనా మసకే. ఫొటో చూసుకునేటప్పుడు నీలం రంగు మీద కన్నేయండి. ఎరుపు స్ట్రాన్షియంతో, ఆకుపచ్చ బేరియంతో వస్తాయి. నీలానికి రాగి కావాలి. వేడి మరీ ఎక్కువైతే ఆ రాగి సమ్మేళనం విడిపోయి రంగు పాలిపోతుంది కాబట్టి అసలే బలహీనమైన రంగు అది. మీ ఫొటోలో నీలం నీలంగా ఉందంటే ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడ్డ వెలుగు, కుదిరినట్టే. తెల్లబడితే ఎఫ్ 16కి వెళ్లండి.

కాలుతున్న రావణుడిని ఈ సెట్టింగులతో తీయకండి. అది పెద్ద మంట, ఎఫ్ 4, ఐఎస్ఓ 800, సెకనులో 250వ వంతుతో మొదలుపెట్టి చూసుకోండి.

ప్రశ్న: మా పాప కాకరొత్తి పట్టుకుంటే ఫోన్‌లో ముఖం నల్లగానో, కదిలిపోయో వస్తోంది. ఏం చేయాలి? (గృహిణి, నర్సంపేట)

జవాబు: అమ్మా, ముందు ఫ్లాష్ ఆపండి, తర్వాత నైట్ మోడ్ ఆపండి. నైట్ మోడ్ కొన్ని ఫ్రేములు పోగేసి ఒక ఫొటో చేస్తుంది, పిల్లలు అంతసేపు కుదురుగా ఉంటారా? పాప ముఖానికి కాకరొత్తే దీపం. చేయి పూర్తిగా చాపి, కాస్త పక్కకు, ఛాతీ ఎత్తులో పట్టుకోమనండి. తల మీదికి ఎత్తితే రవ్వలు కింద పడటమే కాదు, కళ్ల కింద నీడలూ పడతాయి. తెరమీద పాప ముఖాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి, అప్పుడు వెలుగు కొంచెం తగ్గించి, వరసగా నొక్కుతూ పోండి. వాకిట్లో లైటు తీసేసి వెనక నాలుగు దివ్వెలు పెడితే చాలు, వేరే అలంకరణ ఎందుకు? కాటన్ బట్టలు వేయండి. ఆరిపోయిన తీగ చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పక్కన నీళ్ల బకెట్ ఉంచుకోండి. మీరూ రెండు మూడు అడుగులు వెనకే ఉండండి, రవ్వ తగిలితే లెన్సు మీద గుంట పడుతుంది.

ప్రశ్న: దోస్తులం నలుగురం కలిసి కాకరొత్తులతో గాలిలో 'ఓరుగల్లు' అని రాశాం. తిరగబడి వచ్చింది. (డిగ్రీ విద్యార్థి, పరకాల)

జవాబు: కెమెరా మీకు ఎదురుగా ఉంటే అలాగే వస్తుంది. రాసేటప్పుడు మామూలుగానే రాయండి, తర్వాత ఫొటోను అడ్డంగా ఫ్లిప్ చేయండి. నలుగురికీ తలా ఒక అక్షరం అన్నది మంచి ఆలోచనే. 'ఓ' రాసేవాడు మీ వరసలో ఎడమ చివర, అంటే కెమెరాకు కుడి చివర నిలబడాలి. వెనక దుకాణాల బోర్డులు లేని చోటు చూసుకోండి, ఫ్లిప్ చేస్తే అవీ తిరగబడతాయి. ఐఎస్ఓ 100, ఎఫ్ 11, పది సెకన్లు. ముదురు రంగు చొక్కాలు వేసుకోండి. గుండ్రంగా తిరిగే మన అక్షరాలకు ఈ ఆట భలే కుదురుతుంది. తంటా అంతా 'ల్లు' దగ్గరే, ఒత్తు కోసం చేయి దించుతుంటే గీత పడుతుంది. పడనివ్వండి. ఆ గీత పడకుండా కాకరొత్తిని వీపు వెనక దాచుకోమని కొందరు చెబుతారు, చొక్కా అంటుకుంటుంది, ఆ పని మాత్రం చేయొద్దు. మీ ముఖాలూ కనిపించాలంటే ఫ్లాష్‌ను రియర్ కర్టెన్‌లో పెట్టండి, రాయడం అయిపోయే క్షణంలో వెలుగుతుంది. అప్పుడు మాత్రం కదలకండి.

ప్రశ్న: వేయిస్తంభాల గుడి దగ్గర కాకరొత్తులు కాల్చి ఫొటోషూట్ చేద్దామనుకుంటున్నాం. (కొత్త జంట, హనుమకొండ)

జవాబు: వద్దు. 1163లో కట్టిన గుడి అది, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ ట్రైపాడ్‌కే అనుమతి అడగాలి, నిప్పు సంగతి చెప్పేదేముంది? భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి ఊరివైపు తీయండి, నీళ్లుంటే ఒక్క రాకెట్ రెండుగా కనబడుతుంది. దీపావళి నాడు పటాకులకు రాత్రి 8 నుంచి 10 దాకానే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది కాబట్టి ఏడున్నరకే ట్రైపాడ్ వేసుకుని ఉండండి.

ప్రశ్న: ట్రైపాడ్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. (అంగడి నడుపుకునే పాఠకుడు, జమ్మికుంట)

జవాబు: చిన్న గుడ్డసంచిలో బియ్యం నింపి డాబా పిట్టగోడ మీద పెట్టి, ఫోన్‌ను అందులో ఆనించండి. ప్రో మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది) ఉంటే ఐఎస్ఓ 50 లేదా 100, రెండు సెకన్లు, టైమర్ ఆపేసి వేలు మెల్లగా తాకించండి. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు, కాబట్టి మరీ తెల్లగా వస్తే సెకను తగ్గించడమే మార్గం. ఐఫోన్ అయితే లైవ్ ఫొటో తీసి, తర్వాత దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌కు మార్చుకోండి, మూడు సెకన్ల వెలుగంతా ఒకే బొమ్మలోకి వస్తుంది. జూమ్ మాత్రం ముట్టుకోవద్దు, కావాలంటే ఇంటికొచ్చాక కత్తిరించుకోవచ్చు.