రంగు తిరిగిన రోజు: కొత్త కథకుడికి ఉత్తరం

శ్రీకాకుళం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను, ఒకసారి మంచం మీద వాలి, ఒకసారి బల్ల దగ్గర పెన్సిలుతో. పిత్తనాళం క్యాన్సర్ వచ్చిన మీ మావయ్యని ఆమదాలవలస నుంచి విశాఖకి ఎన్నిసార్లు తిప్పావో కథతో పాటు పంపిన చీటీలో రాశావు. అది చదివాక గీతలు కొట్టడానికి చెయ్యి రాలేదు. కానీ నువ్వడిగింది ఓదార్పు కాదు కదా.

సంభాషణలు బాగున్నాయి. "ఏటవుద్దిరా, కామెర్లే కదా, పసరు తాగితే పోద్ది" అన్న మాట నువ్వు కల్పించింది కాదని చదవగానే తెలిసిపోతుంది. కుదరనిది ఆఖరి పేజీ. పధ్నాలుగు పేజీలు పచ్చటి కళ్ళతో పడుకున్న మనిషి పదిహేనో పేజీలో ఉన్నట్టుండి బకెట్టు నిండా నెత్తురు కక్కుకుని పోయాడు. సినిమాలో దగ్గి రుమాలు తీస్తే ఎర్ర మరక కనబడుతుందే, అలా ఉంది. (నా మొదటి కథలో నేనూ ఆ రుమాలు వాడాను. ఎవరూ అచ్చు వెయ్యలేదు, నా అదృష్టం.) పిత్తనాళం క్యాన్సర్‌లో నెత్తురు చెప్పాపెట్టకుండా రాదని నేననను. చాలా ఇళ్ళల్లో మాత్రం అది ముందే వచ్చి ఓ మూల కూర్చుంటుంది. ఎవరూ పలకరించరు. నీ కథ ఆ మూలలో ఉంది.

నేను ఉద్యోగమంతా ఆసుపత్రి ల్యాబులోనే చేశానని నీకు తెలుసు. అంచేత కాస్త ఎక్కువ చెబుతాను, విను.

క్యాన్సర్ గడ్డ పిత్తనాళాన్ని మూసేస్తే పిత్తం పేగులోకి దిగదు. కళ్ళు పచ్చబడటం, మూత్రం టీ డికాషన్‌లా రావటం, ఒళ్ళంతా దురద, విరేచనం సుద్ద రంగుకి తిరగటం, ఇవన్నీ నువ్వు రాశావు. రాయనిది ఆ తర్వాత జరిగేది. పిత్తం లేకపోతే తిన్న కొవ్వు ఒంటికి పట్టదు. విటమిన్ కె కొవ్వులో కరిగే రకం, కాబట్టి అదీ పట్టదు. అది అందకపోతే నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన 2, 7, 9, 10 నంబర్ల కారకాలను కాలేయం సరిగ్గా తయారు చెయ్యలేదు. ఇప్పుడు నీ నాలుగో పేజీ తీసి చూడు. "రక్తం పడుతుంది" అని మీ అత్తయ్య రోజూ తోటకూర వండి పెడుతుంది. ఆకుకూరల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. ఆవిడ ప్రేమగా పెట్టిన ప్రతి ముద్దలోనూ ఆయనకి కావలసిన మందు ఉంది, ఒక్కటీ ఒంటికి పట్టలేదు. ఇంత పెద్ద దృశ్యాన్ని చేతిలో పెట్టుకుని బకెట్టు కోసం ఎందుకు వెతికావయ్యా?

ఒకప్పుడు కామెర్ల రోగికి కత్తి పెట్టాలంటే సర్జన్లు జంకేవారు, కోసిన చోట నెత్తురు ఆగదని. కొవ్వు లేని మేత తిన్న కోడిపిల్లలకి నెత్తురు కారడం చూసి డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ ఈ విటమిన్ ఉనికిని పట్టుకున్నాడు. గడ్డకట్టడాన్ని చెప్పే వాళ్ళ మాటలోని మొదటి అక్షరమే కె. 1943 నోబెల్ బహుమతిలో ఆయనకి వాటా వచ్చింది. ఇదంతా కథలో పెట్టకు, నీకు తెలిసుంటే చాలు.

కథలో పెట్టవలసినవి చిన్నవి. పళ్ళు తోముకుంటే ఉమ్మిలో ఎరుపు. సూది తీసిన చోట దూది ఎంతసేపు నొక్కినా ఊరే చెమ్మ. ఎక్కడా దెబ్బ తగలకపోయినా తొడ మీద నల్లగా కమిలిన మచ్చ.

ఆసుపత్రి సీనులో డాక్టరు ఇంజెక్షను ఇవ్వగానే చిగుళ్ళ నెత్తురు ఆగిపోయిందన్నావు. అలా ఆగదు. విటమిన్ కె సూదిని నరంలోకి మెల్లగా ఇస్తారు, ఫలితం మొదలవటానికే గంటలు పడుతుంది, నెత్తురు గడ్డకట్టే సమయం చూసే పరీక్ష అంకెలు దారికి రావటానికి దాదాపు ఒక రోజు. కాలేయమే చెడిపోయి ఉంటే సూది ఇచ్చినా అంకెలు కదలవు, జబ్బు ఎక్కడుందో డాక్టర్లకి అదో ఆనవాలు. నెత్తురు ఆగక, సూది పనిచేసేదాకా ఆగలేని పరిస్థితి అయితే ప్లాస్మా, అంటే నెత్తురులోని నీటి భాగం, ఎక్కిస్తారు. అది మంచులా గడ్డకట్టించి చల్లటి పెట్టెలో దాచినది, కరిగించటానికి అరగంట దాకా పడుతుంది. బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర ఆ అరగంట నువ్వు నిలబడే ఉంటావు. అది రాయి.

పరీక్ష గురించీ ఒక మాట. నీలం మూత గొట్టంలో తొమ్మిది పాళ్ళ నెత్తురుకి ఒక పాలు సిట్రేటు, అంటే నెత్తురు గడ్డకట్టకుండా ఆపే మందు, ఉండాలి, గీత దాకా నింపాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కామెర్ల రోగి గొట్టం సగమే నింపాను. సిట్రేటు ఎక్కువయ్యి గడ్డకట్టే సమయం లేనిది ఉన్నట్టు పెరిగి వచ్చింది, ఆపరేషను ఒక రోజు వాయిదా పడింది. మర్నాడు మళ్ళీ తీస్తే బాగానే ఉంది. తప్పు నాదని ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నీకే చెబుతున్నాను.

పిత్తం బయటికి తీయటానికి పక్కటెముకల మధ్య నుంచి పెట్టిన గొట్టమూ, సంచీ బాగా పట్టుకున్నావు. పెట్టిన కొత్తలో పిత్తంలో కొంచెం గులాబీ రంగు కనబడినా తరచు అదే తేటపడుతుంది. తాజా ఎరుపు, నెత్తురు గడ్డలు కనబడితే మాత్రం వేరే సంగతి. గొట్టం పోయిన దారిలో కాలేయం ధమని గాయపడి పిత్తనాళంలోకి కారుతుండవచ్చు. కుడి పక్క నొప్పి, కామెర్లు, పేగుల్లో రక్తస్రావం, ఈ మూడింటినీ కలిపి 1871లో క్వింకే అనే జర్మన్ వైద్యుడు చెప్పాడు, మూడూ కలిసి అందరికీ రావు. స్కానులో కారే చోటు వెతికి, ధమనిలోకి సన్నటి గొట్టం పంపి, లోహపు చుట్టలతో మూసేస్తారు. నీ కథలో మేనల్లుడు రాత్రి రెండింటికి సంచీ ఖాళీ చేస్తాడు. లైటు వేయించు, రంగు చూడనీ.

నువ్వు నిజంగా నెత్తురు కక్కించాలనుకుంటే దానికీ దారి ఉంది. క్యాన్సర్ గడ్డ పేగుల నుంచి కాలేయానికి నెత్తురు తెచ్చే పోర్టల్ సిరని నొక్కితే అన్నవాహికలో సిరలు ఉబ్బి పగులుతాయి. ఆ దారి ముందు పేజీల్లోంచి వెయ్యాలి.

ఇప్పుడు నా సంగతి. మా బావకీ ఇదే జబ్బు, పలాస దగ్గర పల్లె. మూడు వారాలు విరేచనం సుద్దలా ఉంది. ఒక పొద్దున్న మా అప్ప ఫోన్ చేసి, "రంగు తిరిగిందిరా తమ్ముడూ, నల్లగా అవుతంది, పసరు పట్టినాది" అంది. ఎంత సంతోషమో ఆ గొంతులో. "పోన్లే అప్పా, మంచిదే" అన్నాను. నెత్తురు పరీక్షలు చేసి జీతం తీసుకునేవాణ్ణి. తారులా జిగటగా ఉందా, కంపు కొడుతోందా అని ఒక్క మాట అడగలేదు. పేగులో అరిగిన నెత్తురు అలాగే ఉంటుందని ఎంతమందికి చెప్పానో! మర్నాడు సాయంత్రం ఆయన పెరట్లో కళ్ళు తిరిగి పడ్డాక కదిలాం. నడుం నొప్పికని షాపులో కొన్న బిళ్ళలు కడుపులో పుండు చేశాయి, గడ్డకట్టని నెత్తురు అక్కడి నుంచి కారింది. సూది, ప్లాస్మా, నెత్తురు ఎక్కించారు, ఇంకో నాలుగు నెలలు ఉన్నాడు. ఆ నాలుగు నెలల్లో అప్ప నన్నొక్క మాట అనలేదు. దీన్ని ఇప్పటిదాకా కథగా రాయలేకపోయాను, నీ పదిహేనో పేజీ చదివి కోపమొచ్చింది అందుకే కాబోలు.

ఆఖరి రోజుల్లో పెద్ద రక్తస్రావం రావచ్చని అనుమానం ఉన్నప్పుడు ఉపశమన వైద్యం చేసేవాళ్ళు ముదురు రంగు తువ్వాళ్ళు దగ్గర పెట్టుకోమంటారు. తెల్లబట్ట మీద కనబడినంత భయంకరంగా వాటి మీద కనబడదు. మత్తుమందు సిద్ధంగా ఉంచుతారు, పక్కన ఒక మనిషి చెయ్యి పట్టుకుని ఉంటాడు. నీ కథలో అత్తయ్య పెట్టెలోంచి తెల్ల పొందూరు పంచె తీసి కప్పింది కదా. నర్సు వచ్చి అది తీయించి, ముదురు రంగుది ఏదైనా ఉందా అమ్మా అని అడిగితే, అత్తయ్య పెట్టెలో వెతుకుతూ ఎందుకో అర్థం చేసుకుంటుంది. ఆ పేజీలో చుక్క నెత్తురు కారనక్కరలేదు.

వచ్చే ఆదివారం పొద్దున్న మన ఊరి కథల లైబ్రరీ కథానిలయంలో ఉంటాను, తిరగరాసిన ప్రతి తీసుకురా. వచ్చేముందు మీ అత్తయ్య దగ్గర కూర్చుని, ఆవిడకి మనసొప్పితేనే సుమా, విరేచనంలో ఆ నల్లరంగు మొదట ఏ రోజు చూసిందో మెల్లగా అడుగు.

ఇట్లు
మీ అన్నయ్య