ఆటోమేటిక్ కారులో గేర్ కేబుల్ బాగుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. గేర్ లివర్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే తీగే ఈ కేబుల్. ఎవరైనా గేర్‌బాక్స్ దింపాలని చెప్పేలోపే చూసుకోవాలి.

రెండేళ్ల క్రితం, మే నెల ఎండలో, గుంటూరులో పెళ్లికి బయలుదేరుతున్నాం. బెజవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి పైకి వస్తూ, సామాను ఎక్కించడానికి ర్యాంపు మీదే ఆగాను. గేర్ లివర్‌ను 'పీ' (పార్కింగ్)లోకి నెట్టి ఇంజిన్ ఆపాను. హ్యాండ్‌బ్రేక్ వేయలేదు. బ్రేకు మీద నుంచి కాలు తీయగానే కారు వెనక్కి జారింది. వెనక మా అమ్మ సంచితో నిలబడి ఉంది. జానెడు దూరంలో ఆపగలిగాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాల కింద ఇటుకలు పెట్టాం. తాళం తిప్పితే స్టార్టర్ ఉలకలేదు, పలకలేదు. ఆటోనగర్ నుంచి వచ్చిన మొదటి మెకానిక్ బానెట్ ఎత్తకుండానే గేర్‌బాక్స్ పోయిందన్నాడు. చూడకుండా చెప్పే ఈ తీర్పులంటే నాకు ఒళ్లు మంట. రెండో ఆయన పెద్దవాడు. "బాబూ, నేను చెప్పినప్పుడల్లా లివర్ కదుపు" అని టార్చి పట్టుకుని లోపలికి చూశాడు. లివర్ కదులుతోంది, గేర్‌బాక్స్ మీద మీట మాత్రం కదలడం లేదు. కేబుల్ చివరను ఆ మీటకు పట్టి ఉంచే బుష్ అనే చిన్న తొడుగు పొడిపొడి అయిపోయి, కేబుల్ ఊడిపోయింది. గేర్‌బాక్స్ 'డీ' (డ్రైవ్)లోనే ఉండిపోయింది. 'పీ', 'ఎన్' (న్యూట్రల్)లలో తప్ప స్టార్టర్ తిరగదు కదా! బుష్ మార్చడానికి గంట కూడా పట్టలేదు. బెజవాడ ఎండకు, ఇంజిన్ వేడికి ఆ చిన్న ముక్క ఎన్నాళ్లు ఆగుతుంది?

మీరూ అలాగే చూడండి. చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచండి. ఒకరు బ్రేకు తొక్కి లివర్‌ను 'పీ' నుంచి 'డీ' దాకా ఒక్కొక్కటిగా జరపాలి. ఇంకొకరు బానెట్ ఎత్తి టార్చితో చూస్తుంటే, గేర్‌బాక్స్ మీద మీట ప్రతిసారీ కదిలి, టక్కుమని కుదురుకోవాలి. మీటరు బోర్డు మీది అక్షరం, లివర్ దగ్గరి అక్షరం ఒకటే కావాలి. బుష్ వదులుగా ఊగుతుంటే వెంటనే మార్పించండి. కారు కిందికి మాత్రం దూరవద్దు.

ఇంకొక మాట. ఏఎంటీ కార్లను, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే గేర్లు వాటంతట అవే మారేవాటిని కూడా ఆటోమేటిక్ అనే అమ్ముతున్నారు. వాటిలో చాలావాటికి 'పీ' ఉండదు, వాటికి ఈ పరీక్ష వర్తించదు. కొనేవాళ్లకు ఈ తేడా షోరూములోనే చెప్పాలి, చెప్పరు.

మా అమ్మ ఇప్పటికీ ఆగిన కారు వెనక నుంచి నడవదు. ముందు నుంచి చుట్టివచ్చి ఎక్కుతుంది.