పాత పట్టుచీరలు, పాత ఇత్తడితో దసరా కొలువు, పాప లంగా: మా ఇంట్లో ఎలా చేస్తామంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: అద్దె ఫ్లాట్, గోడలకి మేకులు కొట్టనివ్వరు. దసరాకి మొదటిసారి బొమ్మల కొలువు పెట్టాలి, ఆరేళ్ళ పాపకి పట్టులంగా కావాలి. అమ్మ ఇచ్చిన పాత చీరల మూట ఉంది. పెద్దగా కొత్తవి కొనకుండా, హైదరాబాద్‌లో పాత సామాను బజార్లలో దొరికేవాటితో పని అవుతుందా అని.

అవుతుందండీ. మా ఇంట్లో చాలా ఏళ్ళుగా అలాగే జరుగుతోంది. అయితే ఒక్క సంగతి. ఫోన్లో ఏదో ఫోటో చూసి, ఇలాంటిదే చేసేద్దామని ముందే అనుకుని మూట విప్పితే మంచి చీరలు పాడైపోతాయి. ముందు చీరలు చూడండి, దేనికి ఎంత ఓపిక మిగిలుందో తేల్చుకోండి, దాన్నిబట్టి ఏం చేయాలో ఆలోచించండి.

చూడడమంటే పైపైన చూస్తే తెలియదు. పట్టు ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత మీదే చివికిపోతుంది, మిగతా చీర మాత్రం నిన్న కొన్నట్టు మెరుస్తూనే ఉంటుంది. పగటిపూట కిటికీ దగ్గర చీర పూర్తిగా విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. మడతలు పడ్డచోట సన్నటి గీతల్లా వెలుతురు దూరి వస్తోందంటే అనుమానించాల్సిందే. అప్పుడు ఆ గీతకి అటొక బొటనవేలు, ఇటొక బొటనవేలు పెట్టి మెల్లిగా పక్కలకి లాగండి. పోగులు కదిలి మళ్ళీ సర్దుకుంటే ఫర్వాలేదు. సన్నగా చిరిగిన చప్పుడు వినిపించిందా, ఇక ఆ చీరని ఒంటిమీదకి కుట్టించే ఆలోచన మానుకోండి. టైలర్ ఎంత మంచివాడైనా, లైనింగ్ ఎంత గట్టిదైనా, పాప ఒక్కసారి కింద కూర్చుని లేస్తే పర్రుమంటుంది. అలాంటి చీర మీద ఏ బరువూ, ఏ లాగుడూ పడకుండా వాడుకోవాలి. కొలువు వెనక తెరగా వేలాడదీయడం, ఫ్రేములో బిగించడం, అంతవరకే.

ఇక బాగా గట్టిగా ఉన్న చీరలకి కత్తెర పెట్టడం నాకసలు ఇష్టం ఉండదు. కట్టుకోండి! మీకు పాతగా అనిపించే కలర్ కాంబినేషన్లే ఇప్పుడు షాపుల్లో వింటేజ్ అని మూడింతలు రేటు చెప్పి అమ్ముతున్నారు. కొత్త జాకెట్టు కుట్టించుకుంటే చాలు, చీర మారిపోతుంది. కొంగు మీద నూనె మరకో, మధ్యలో చిరుగో ఉండి కట్టుకోవడానికి వీల్లేనిది, మిగతా భాగం గట్టిగా ఉన్నది, లంగాకి అలాంటిది తీయండి. తీసేముందు అమ్మకి ఒక్క ఫోన్ చేయండి. ఇచ్చేశానని అన్నా సరే, అది ఏ పేరంటానికో ఏ సీమంతానికో కట్టుకున్న చీర అయి ఉంటుంది. ముక్కలయ్యాక ఫోటో చూసి ఆవిడ "పోన్లే" అనే ఆ గొంతు మీరు భరించలేరు.

లంగా లెక్క చెప్తాను. చీర పన్నా, అంటే వెడల్పు, మామూలుగా 45 నుంచి 48 అంగుళాలు ఉంటుంది, మీ పాపకి నడుం నుంచి మడమ దాకా 26 అంగుళాలు అనుకుందాం. పెద్దంచు ఉన్న వైపు నుంచి 30 అంగుళాల ఎత్తు, రెండున్నర మీటర్ల పొడవు తీసుకుంటే నిండు కుచ్చిళ్ళతో వస్తుంది. ఎక్కువ తీసిన నాలుగు అంగుళాలు లోపలికి మడిచి పెద్ద కుట్లు వేయించండి, వచ్చే ఏడాది విప్పుకోవచ్చు. మన అమ్మలందరూ చేసిన పనే, ఇప్పటి బొటిక్ వాళ్ళు చేయరు, అడిగి చేయించుకోవాలి. నడుం దగ్గర నాడా వద్దు, కాటన్ బాడీ పెట్టి దానికి లంగా కలిపించండి. అప్పుడు బరువంతా భుజాల మీద, కాటన్ మీద పడుతుంది, పాత పట్టుని ఏదీ లాగదు. లోపల నిండుగా మెత్తని కాటన్ లైనింగ్. మడత గీతలు కొంచెం అనుమానంగా ఉంటే వాటి వెనక ఇస్త్రీ వేడికి అతుక్కునే సన్న ఫ్యూజింగ్ పట్టీ పెట్టి, పైన పల్చటి గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టె ఎక్కువ వేడి లేకుండా నొక్కాలి. కొంగు బాగుంటే జాకెట్టు దానితోనే. కుట్టించకముందే డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేయండి. ఇంట్లో తడిపితే కొన్ని పాత రంగులు పక్కదానికి దిగుతాయి, తరవాత చేసేదేం ఉండదు.

అసలు నాకు చాలా ఇష్టమైన పని ఇంకోటుంది. గద్వాల చీరలు. వాటి ఒళ్ళు కాటన్, అంచులూ కొంగూ పట్టు, రెండూ వేరే పోగులతో నేస్తూ కలుపుతారు. అందుకని కట్టీ కట్టీ ఒళ్ళు పల్చబడి జల్లెడైపోయినా అంచులు రాయిలా ఉంటాయి. మా అత్తగారి ఆవపువ్వు రంగు గద్వాల ఒకటి అలాగే ఉండిపోయింది, కుంభం అంచు, మెరూన్ రంగు. అంచు కోసేటప్పుడు పట్టూ కాటనూ కలిసే గీత మీద కత్తెర పెట్టకూడదు. కాటన్ వైపు అర అంగుళం వదిలి కోయాలి. ఆ కలిపిన చోటే కోస్తే పోగులన్నీ ఊడొస్తాయి, వదిలిన అర అంగుళం లోపలికి మడిచి కుడితే ఎక్కడా పీచు లేవదు. అయిదున్నర మీటర్ల చీరకి రెండు వైపులా కలిపి పదకొండు మీటర్ల అంచు వస్తుంది! ఆ అంచు సాదా మంగళగిరి కాటన్‌కి వేసి నాకొక కుర్తా కుట్టించాను, మా ఆడపడుచుకి దుపట్టా అయింది, మిగిలిందంతా కొలువు మెట్ల అంచులకి కట్టాను. కొత్త కాటన్‌ని మాత్రం ముందే నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుక్కే కాటన్ కుంచించుకుపోయి అంచు ముడతలు ముడతలుగా నిలబడుతుంది.

జరీ గురించి కూడా చెప్పాలి. మన చిన్నప్పుడు పాత చీరలకి స్టీలు సామాను ఇచ్చేవాళ్ళు వీధిలోకి వచ్చేవారు కదా, మా అమ్మ రెండు పట్టుచీరలిచ్చి మూతలున్న డబ్బాలు తీసుకుంది, ఆ డబ్బాలు ఇప్పటికీ వంటింట్లో ఉన్నాయి, చీరల సంగతి ఎత్తితే మాత్రం టాపిక్ మార్చేస్తుంది. పాత అసలు జరీ అంటే పట్టు దారం మీద చుట్టిన వెండి తీగ, దానిపైన బంగారు పూత. అంచు చివర ఒక్క పోగు లాగి గోటితో గీకి చూడండి. లోపల పట్టు దారం, మామూలుగా ఎర్రటిది, కనిపిస్తే అది అసలు జరీ అయ్యే అవకాశం ఎక్కువ. రాగి రంగు తేలితే అది తక్కువ రకం, ప్లాస్టిక్ పొరలా లేస్తే ఇక చెప్పేదేం లేదు. అసలు జరీ చీర ఒళ్ళంతా చివికిపోయినా పారేయొద్దు, కుషన్ కవర్లకీ తగలేయొద్దు. వెండి లెక్కన కొనే షాపులున్నాయి, ఒకచోట అడిగి అక్కడే ఇచ్చేయకుండా రెండు మూడు చోట్ల రేటు కనుక్కోండి. ఉంచుకునేవాటి మధ్యలో కలరా ఉండలు వేయకండి, జరీ నల్లబడుతుంది.

ఇక బజారు. ఎర్రగడ్డలో ఆదివారం సంత, పురానాపూల్ వైపు జుమ్మేరాత్ బజార్ గురువారం. పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే మంచివి ఉండవు, మీకు ఓపికా ఉండదు. చేతిసంచిలో చిన్న అయస్కాంతం, కొలిచే టేపు, ఒక పాత గుడ్డ పెట్టుకోండి. ఇత్తడి అని చెప్పినదానికి అయస్కాంతం అంటుకుందంటే అది ఇనుము మీద పూత. వేలితో కొట్టి చూడండి, కంచు అయితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. బీటు ఉన్నది బొంగురుగా పలుకుతుంది. అడుగున చిల్లు పడ్డచోట మాటు (అతుకు) వేసిన గుండిగలు, బిందెలు చాలా తగులుతాయి, అమ్మేవాడు దాన్ని మీ వైపు తిప్పడు, మీరే తిప్పి చూడాలి. మాటు ఉంటే రేటు తగ్గించమని అడగండి, కొనడం మాత్రం నిక్షేపంగా కొనొచ్చు. లోపల ప్లాస్టిక్ టబ్ పెట్టి నీళ్ళు పోసి బంతిపూలు, చామంతులు వదిలితే గుమ్మం పక్కన అదే సగం అలంకారం. అందులో వండాలనుకుంటే మాత్రం మాటు లేనిది చూసుకుని కళాయి వేయించాలి, చింతపండు పులుసు లాంటివి కళాయి లేని ఇత్తడిలో అసలు వద్దు. బేరం ఆడే ముందు బేగంబజార్‌లో కొత్త ఇత్తడి కిలో ఎంతుందో కనుక్కుని వెళ్ళండి, పాతదానికి కొత్తదాని కన్నా ఎక్కువ చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు, "నిజాం కాలం నాటిది మేడమ్" అని.

తోమడానికి చింతపండు, ఉప్పు చాలు. గుజ్జు రాసి కాసేపు ఉంచి, కొబ్బరి పీచుతో రుద్ది, వెంటనే కడిగి, తడి లేకుండా తుడవాలి. తడితో వదిలేస్తే మర్నాటికి మచ్చలు. పచ్చగా చిలుము పట్టినచోట రెండు మూడుసార్లు చేయాలి. స్టీలు పీచు ముట్టుకోవద్దు, గీతలు పడితే పోవు. నగిషీ ఉన్న కుందులు, తాంబూలం పళ్ళేల మీద లోతుల్లో ఉన్న నలుపుని ఉండనివ్వండి. దాన్ని కూడా తోమేస్తే పువ్వు ఏదో తీగ ఏదో తెలియకుండా మొత్తం ఒకటే పసుపు అయిపోతుంది.

కొననివి కూడా చెప్తాను: పాత సీరియల్ సెట్లు, వైర్లు తేలిన లైట్లు, పరుపులు, దూది మెత్తలున్న కుర్చీలు. చెక్క సామాను అయితే కిందికి వంగి చూడండి, సన్నటి పొడి రాలుతుంటే పుచ్చు పట్టినట్టు. సందుల్లో నల్లులున్నాయేమో కూడా చూసుకోవాలి, ఒక్క స్టూలుతో ఫ్లాట్ అంతా పాకుతాయి. రంగు పెచ్చులూడుతున్న పాత బొమ్మలు చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, పై మెట్టు మీద పెట్టండి.

కొలువుకి మెట్లు కొనాల్సిన పనే లేదు. ట్రంకు పెట్టె, సూట్‌కేసులు, పుస్తకాల కట్టలు, అట్టపెట్టెల్లో బియ్యం సంచులు, ఏదైనా సరే, బేసి సంఖ్యలో మెట్లు రావాలి, మూడో అయిదో. మొదటిసారి కాబట్టి మూడు చాలు, నిండుగా కనిపిస్తుంది. పైన తెల్ల పంచె పరిచి అంచులు మాత్రం పట్టువి కట్టండి, చీర మొత్తం పరిస్తే బొమ్మలు ఆ డిజైన్‌లో కలిసిపోతాయి, నాకైతే నచ్చదు. గుండుసూదులతో గుచ్చితే పట్టుకి రంధ్రాలు పడతాయి, వెనక నుంచి దారంతో పెద్ద కుట్లు వేస్తే పండగయ్యాక లాగేయొచ్చు. పాత కొండపల్లి బొమ్మలు దొరికితే అదృష్టం, వాటిని తడిగుడ్డతో తుడవకండి. అవి పొణికి చెక్క, ముక్కల్ని చింతగింజల పొడీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు, తడి తగిలితే రంగూ పోతుంది, చేతులూ ఊడతాయి. మెత్తని బ్రష్ చాలు.

మేకుల సమస్యకి: గుమ్మానికి తోరణం కోసం ఎవరో ముందే కొట్టిన మేకులు దాదాపు ప్రతి ఫ్లాట్‌లోనూ ఉంటాయి. వెనక తెరకి కర్టెన్ రాడ్డే వాడుకోండి, చివికిన చీరని కాటన్ దుప్పటికి టాకా వేసి ఆ దుప్పటిని వేలాడదీస్తే బరువు దాని మీదే పడుతుంది. డబుల్ టేప్ జోలికి పోకండి, పీకేటప్పుడు పెయింట్ పెచ్చులొచ్చి ఓనర్‌తో గొడవ. నూనె దీపాలు గుడ్డకి దూరంగా, కింద పళ్ళెంలో.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ పండగ రోజు వస్తుంది. మా పెద్దమ్మ కొలువు ముందు నిలబడి "ఇవెవరు కట్టి విడిచినవి?" అని అడిగింది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అడుగుతారు. మేం అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం: బజార్లో కొన్న గుడ్డలన్నీ హాల్లో కుషన్లకి, కర్టెన్లకి, అదీ కాటన్ అయితే వేడినీళ్ళలో ఉతికాక. కొలువు మీద మాత్రం మన ఇంటి చీరలే. వాదించి గెలిచేది లేదు, ఇలా అయితే ఆవిడే వచ్చిన పేరంటాళ్ళకి ఏ అంచు ఎవరి చీరదో చెప్తూ కూర్చుంటుంది.

టైలర్ సంగతి ఆలస్యం చేయకండి. శ్రావణంలో మొదలైన రద్దీ దసరా దాకా తగ్గదు, పాత చీర అంటే వాళ్ళు ఎలాగూ పక్కన పడేస్తారు. వినాయక చవితి లోపే ఇచ్చేయండి, మీరే మార్కు చేసి, ఎక్కడ కోయాలో ఎక్కడ కోయకూడదో దారంతో గుర్తులు పెట్టి ఇవ్వండి. పాప నడుం చుట్టుకొలతా, చీర పన్నా, అంచు ఎన్ని అంగుళాలో రాస్తే ఎంత గుడ్డ పడుతుందో, ఏం మిగులుతుందో నేను లెక్కేసి చెప్తాను.